గొంతు చించుకుంటున్నారా, పాడుతున్నారా?

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: హైదరాబాద్‌లో ఒక మెటల్ బ్యాండ్‌కి పాడే గాయకుడు, కర్ణాటక సంగీతం నేర్పే టీచర్, ఈఎన్‌టీ డాక్టర్.)

యాంకర్: నమస్కారం. రాక్, మెటల్ పెట్టగానే మన ఇళ్ళల్లో వినిపించే మొదటి మాట ఒకటుంది. "ఎందుకురా వాడలా గొంతు చించుకుంటున్నాడు, సౌండ్ తగ్గించు" అని. నేనూ ఆ తిట్లు తిన్నవాణ్ణే. టీచర్ గారూ, ఈ చర్చకి రమ్మని ఫోన్ చేసినప్పుడు ఏమనుకున్నారు?

టీచర్: నిజం చెప్పాలా? రాంగ్ నంబర్ అనుకున్నాను. (నవ్వులు) మీరు పంపిన పాటలు వారం రోజులు విన్నాను. సగం నాకు ఎక్కలేదు. మిగతా సగంలో ఒకాయన మాత్రం నన్ను వదల్లేదు. క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌కి పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ.

గాయకుడు: ఆయన ఎవర్నీ వదలడు మేడం. పైగా మనకి కొంచెం చుట్టరికం కూడా ఉంది. జాంజిబార్‌లో పుట్టిన పార్సీ అబ్బాయి, అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. చదివింది మన పంచ్‌గనిలో, బోర్డింగ్ స్కూల్లో. అక్కడే తోటి పిల్లలతో ద హెక్టిక్స్ అని బ్యాండ్ పెట్టి పియానో వాయించేవాడు.

టీచర్: నాకు నచ్చింది వేరే. పెద్ద స్వరం మీద నిలబడ్డాక దాన్ని ఊపుతాడు చూడండి. మనం కంపితం అంటాం. కానీ అది మనవాళ్ళు ఊపినట్టు నింపాదిగా ఉండదు. వణుకులాంటి వేగం. అయినా శ్రుతి తప్పదు.

డాక్టర్: దాన్ని కొలిచారండి. 2016లో ఆస్ట్రియా, చెక్, స్వీడన్ పరిశోధకులు ఆయన రికార్డింగులు ముందేసుకుని కూర్చున్నారు. ఆ ఊపు సెకనుకి సగటున 7 సార్లు వచ్చింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం పాడేవాళ్ళలో సాధారణంగా అంతకన్నా తక్కువే ఉంటుంది. ఇంకో తమాషా, ఇంటర్వ్యూల్లో ఆయన మాట 117 హెర్ట్జ్ దగ్గర ఉంది. అంటే మాట్లాడేటప్పుడు కింది స్వరం వైపున్న మగ గొంతు. పాటకొచ్చేసరికి పైన తిరిగేవాడు.

యాంకర్: నాలుగు స్థాయిల గొంతు అంటారు కదా ఆయనది? అంటే స నుంచి పై స దాకా ఒక స్థాయి, అలాంటివి నాలుగు.

డాక్టర్: అంటారు. ఆ పరిశోధకులకి మాత్రం దానికి రుజువు దొరకలేదు. మూడు స్థాయిలకి కాస్త ఎక్కువ తేలింది.

గాయకుడు: ఈ స్థాయిల లెక్కలంటే నాకు చిరాకు సార్. క్రికెట్ స్కోరులా తయారైంది. ఎవరి గొంతు ఎన్ని స్థాయిలు అని కుర్రాళ్ళు కొట్టుకుంటారు. 1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో, లైవ్ ఎయిడ్ కచేరీలో ఆయన మైకు పట్టుకుని "ఏ... ఓ" అంటే స్టేడియం మొత్తం తిరిగి పాడింది. అక్కడ మాట లేదు, అర్థం లేదు. ఆయన వంపు తిప్పితే వేలమంది ఆ వంపు తిప్పారు. దానికి ఎన్ని స్థాయిలు కావాలి?

టీచర్: క్లాసులో నేను "స" అంటే పాతికమంది పిల్లలు ఒకేచోట "స" అనరు. అందుకే ఆ వీడియో రెండుసార్లు చూశాను.

యాంకర్: ఫ్రెడ్డీ దగ్గరే టైమంతా అయిపోయేలా ఉంది. గాయకుడు గారూ, మీ మనిషి ఎవరు?

గాయకుడు: రానీ జేమ్స్ డియో. మనిషి పొట్టి, గొంతు గుడిగంట. బ్లాక్ సబాత్ అనే మెటల్ బ్యాండ్ 1979లో తన గాయకుడు ఓజీ ఆస్బోర్న్‌ని తీసేశాక అందులోకి వచ్చాడు. పాట నేర్చుకోలేదు. చిన్నప్పట్నుంచీ ట్రంపెట్ ఊదేవాడు, ఊపిరి పట్టడం అక్కడే వచ్చిందని తనే చెప్పుకునేవాడు. రెండు వేళ్ళు కొమ్ముల్లా పెట్టే గుర్తు ఉంది కదా, మెటల్ వాళ్ళందరూ పెట్టేది, దాన్ని జనంలోకి తెచ్చింది ఆయనే. ఇటలీ నుంచి వచ్చిన వాళ్ళ అమ్మమ్మ దిష్టి తగలకుండా అలా పెట్టేదట.

టీచర్: దిష్టికా! నేను ఇన్నాళ్ళూ దెయ్యం గుర్తనుకున్నాను.

గాయకుడు: మా అమ్మకి ఈ ముక్క చెప్పాకే నా పోస్టర్లు గోడ మీద ఉండనిచ్చింది. (నవ్వులు)

డాక్టర్: ఆ ట్రంపెట్ సంగతి చిన్నది కాదు. ఊపిరి చాలకపోయినా గొంతు పాడవుతుంది. గాలి కింద నుంచి నిలకడగా రాకపోతే మనిషి మెడ బిగిస్తాడు. అప్పుడు స్వరతంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. కొన్నాళ్ళకి అక్కడ కాయలు కాస్తాయి, చేతికి కాసినట్టే. నా దగ్గరికి అలా వచ్చేవాళ్ళలో మెటల్ గాయకులు తక్కువ. స్కూల్ టీచర్లు, ఎన్నికలప్పుడు కార్యకర్తలు ఎక్కువ.

యాంకర్: అంటే చించుకునేది మనమేనా?

గాయకుడు: నా కథే వినండి. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ అనే బ్రిటిష్ మెటల్ బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చింది. కాచిగూడలో రైలెక్కి వెళ్ళాం నలుగురం. జనరల్ బోగీలో బాత్రూం పక్కన న్యూస్‌పేపర్ పరుచుకుని. మర్నాడు తిరుగు రైల్లో టీ అడగడానికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. వేళ్ళు చూపించి టీ తాగాను. కింద నిలబడి రెండు గంటలు అరిచినవాడికి గొంతు పోయింది. పైన పాడిన బ్రూస్ డికిన్సన్ మాత్రం పరుగెడుతూ, దూకుతూ చివరి పాట దాకా అలాగే పాడాడు. నేను పాట నేర్చుకోవాలనుకున్నది ఆ రైల్లోనే.

టీచర్: ఆయన పాటలో అరుపు కన్నా ముందు గుసగుసలాంటి మొదలు ఒకటి ఉంది...

గాయకుడు: ద నంబర్ ఆఫ్ ద బీస్ట్, 1982 నాటి పాట మేడం. దానికి పెద్ద కథ ఉంది. నిర్మాత మార్టిన్ బిర్చ్ ఆ నెమ్మదైన మొదటి లైన్లే గంటల తరబడి పాడించాడు. బాగానే వచ్చింది కదా అంటే, కాదు మళ్ళీ అన్నాడు. బ్రూస్‌కి పిచ్చెక్కి సామాన్లు విసిరాడట. డియోకి కూడా ఇదే జరిగిందని బిర్చ్ చెప్పాడు. నీ బతుకంతా ఆ మొదటి లైన్లో వినపడాలన్నది ఆయన పట్టుదల. ఆ తర్వాత వచ్చే పెద్ద అరుపు ఉంది చూశారూ, అందులో ఆ కోపమంతా ఉంది.

టీచర్: కష్టం ఎప్పుడూ మంద్రంలోనే. తారస్థాయిలో ఊపు మోసేస్తుంది. కింద, చిన్న గొంతుతో, ఏ దన్నూ లేకుండా శ్రుతిలో నిలబడటం... బిర్చ్ గారు మంచి మాస్టారు.

డాక్టర్: 2014 చివర్లో బ్రూస్‌కి నాలుక వెనక క్యాన్సర్ బయటపడింది. రేడియేషన్, కీమో రెండూ ఇచ్చారు. రేడియేషన్‌తో నోట్లో తడి ఆరిపోతుంది. నాలుక, గొంతు గోడలే స్వరానికి రూపమిచ్చేవి. అలాంటి మనిషి 2016లో మళ్ళీ టూర్‌కి వెళ్ళాడు. పైగా బ్యాండ్ విమానం తనే నడుపుకుంటూ. వైద్యుడిగా నా ఓటు ఆయనకే.

యాంకర్: నా ఓటు ఓజీకి. ఎవరూ కొట్టకండి.

గాయకుడు: అన్నా, ఓజీ గొంతులో ఏముంది? గిటార్ ఏది వాయిస్తే అదే పాడతాడు. ఐరన్ మ్యాన్ వినండి, గిటారూ ఆయనా ఒకటే వరస.

యాంకర్: అదే నాకు నచ్చింది. పాడటం రాని మా వీధి కుర్రాళ్ళందరం పాడగలిగిన పాట అది. 2025 జులై 5న సొంతూరు బర్మింగ్‌హామ్‌లో సింహాసనంలో కూర్చుని పాడాడు, లేచి నిలబడలేక. 22న పోయాడు. ఆ రోజు స్వరాలు సరిగ్గా పడలేదు. నేను మాత్రం ఏడ్చాను.

టీచర్: ఆ వీడియో నేనూ చూశాను. శ్రుతి లేదు బాబూ. (ఆగి) అయినా చివరిదాకా చూశాను.

యాంకర్: ఇప్పుడు అసలు భయపెట్టే సంగతి. గ్రోలింగ్, అంటే గుర్రుమంటూ పాడటం. ఆర్చ్ ఎనిమీ అనే మెటల్ బ్యాండ్‌లో ఏంజెలా గోసో పాడితే ఆడమనిషి అని చాలామంది నమ్మలేదు.

డాక్టర్: అసలు స్వరతంత్రుల పైన ఇంకో జత మడతలుంటాయి. మామూలు మాటలో అవి ఊరికే ఉంటాయి. గ్రోల్ చేసేవాళ్ళు వాటిని కదిలిస్తారు. ఫ్రెడ్డీ గరుకు స్వరంలోనూ ఇవే పాలు పంచుకుని ఉంటాయని ఇందాకటి పరిశోధకుల అంచనా.

యాంకర్: ఒకసారి చేసి చూపిస్తారా?

గాయకుడు: మైకు లేకుండా చేస్తాను, వినండి. (మైకు పక్కన పెట్టి గ్రోల్ చేశాడు)

టీచర్: ఇంతేనా? మా ఇంట్లో మిక్సీ దీనికన్నా గట్టిగా తిరుగుతుంది!

గాయకుడు: అంతే మేడం! మిగతాది మైకు చేస్తుంది. ఇప్పుడు మైకుతో. (అదే స్వరం స్టూడియో అంతా మోగింది) గొంతు మీద చెయ్యి పెట్టి చూడండి డాక్టర్ గారూ, మెడ బిగిసిందా?

డాక్టర్: (మెడ తాకి) లేదు. వదులుగానే ఉంది.

టీచర్: నిట్టూర్పులా మొదలుపెట్టి కింద నొక్కాలా? ఇలాగా... (సన్నగా గురగుర, తర్వాత దగ్గు)

డాక్టర్: ఆపండి, ఆపండి. నీళ్ళు ఇవ్వండి ఎవరైనా. రేపు పొద్దున క్లాసుందా మేడం మీకు?

టీచర్: (నీళ్ళు తాగి) ఆరింటికి. ఇంకోసారి చూపించు నాయనా, ఈసారి నెమ్మదిగా.