సభ ఖర్చులో పరిశీలనకు దక్కే వాటా

అధ్యక్షులకు, సభికులకు నమస్కారం. సమయం తక్కువ కనుక మిగిలిన మర్యాదలు మీకే వదిలేస్తున్నాను.

చట్టసభ స్తంభించిన ప్రతిసారీ నిమిషానికి ఎంత సొమ్ము వృథా అయిందో పత్రికలు లెక్క కడతాయి. సభ సజావుగా నడిచిన రోజున బిల్లును ఎవరైనా చదివారా, చదవడానికి సాయపడే మనిషికి జీతం ఉందా అన్న లెక్క మాత్రం ఎవరూ కట్టరు. నేను చూసిన పద్దుల్లో జీతభత్యాలు, భవనాలు, భద్రత, వాహనాలు విడివిడిగా కనిపించేవి. పరిశోధనకు, సభా సంఘాల (బిల్లులను, లెక్కలను పరిశీలించే సభ్యుల కమిటీల) సిబ్బందికి కేటాయించినది 'కార్యాలయ ఖర్చులు' అన్న మాట కింద కలిసిపోయేది.

నేను ఒక సభా సంఘం పనులు చూసిన రోజుల్లో ఒకే ఒక్క పరిశోధనాధికారి పోస్టు కోసం పంపిన ఫైలు మూడుసార్లు కొర్రీలతో తిరిగి వచ్చింది. తిప్పి పంపినది ఆర్థిక శాఖ. ఆ ఏడాది మా సంఘం పరిశీలించవలసినది ఆ శాఖ లెక్కలనే. అదే ఏడాది సమావేశ మందిరంలో కుర్చీలు మార్చడానికి ఒక్క కొర్రీ కూడా పడలేదు. కుర్చీల మీద నాకు కోపం లేదు, కానీ ఈ మాట ఎక్కడ మాట్లాడినా చెబుతాను.

మన రాజ్యాంగంలోని 98, 187 అధికరణలు చట్టసభలకు విడి సచివాలయాన్ని ఇచ్చాయి, విడి ఖజానాను ఇవ్వలేదు. బ్రిటన్‌లో 1978 నాటి చట్టం దిగువ సభ అయిన కామన్స్ ఖర్చు అంచనాలను సభ్యులతో కూడిన కమిషన్ చేతికి అప్పగించింది. అధ్యక్షుడి కార్యాలయం ఇచ్చే అంకెల మీదే ఆధారపడకూడదని అమెరికా కాంగ్రెస్ 1974లో సొంత బడ్జెట్ కార్యాలయాన్ని ఏర్పాటు చేసుకుంది. అయితే తప్పంతా ప్రభుత్వాలదే అనలేను. శాస్త్ర సాంకేతిక విషయాలను విడమరచి చెప్పడానికి 1972లో తానే నెలకొల్పుకున్న మదింపు కార్యాలయాన్ని, ఏడు వందలకు పైగా నివేదికలు ఇచ్చిన సంస్థను, అదే కాంగ్రెస్ 1995లో పొదుపు పేరిట నిధులు ఆపి మూసివేసింది. ఆదా అయినది స్వల్పం. పోయినది, కంపెనీల ప్రతినిధి చెప్పిన మాటను సరిచూసుకునే సొంత మనిషి.

మీలో ఎంతమంది సభ పద్దు తెరిచి చూశారో చేతులెత్తమని అడగను. ఈసారి పద్దు వచ్చినప్పుడు సంఘాల సిబ్బందికి ఎంత ఇచ్చారో విడిగా రాశారా అని చూడండి. రాయకపోతే మీ సభ్యుణ్ణే అడగండి. నాలుగోసారి మేము ఫైలు సిద్ధం చేసేలోపు సభ కాలపరిమితి ముగిసింది, దానితో పాటు మా సంఘమూ రద్దయింది.