ముందు సీటు మిత్రుడు

శ్రోతలకు నమస్కారం.

కచేరీ జరిగే మైదానానికి ఇంకా అర కిలోమీటరు దూరంలో కారు ఆపి తలుపు తెరిచామనుకోండి. ముందుగా వినిపించేది పాట కాదు. నేలలోంచి పుట్టుకొస్తున్నట్టు ఒక దమ్ దమ్ చప్పుడు. వేదిక మీద ఎవరో వాద్యాలు సరిచూసుకుంటూ ఉంటారు. తారస్థాయి స్వరాలను గాలి దారిలోనే చాలావరకు మింగేస్తుంది. మంద్రస్వరాలు దూరం ప్రయాణిస్తాయి. అందుకే గాయకుడి గొంతుకన్నా ముందు డ్రమ్ము మనల్ని చేరుతుంది. నాలుగు గంటలు ఇరుకు సీట్లలో కూర్చుని వచ్చిన నలుగురు మిత్రులం ఆ చప్పుడు వినగానే నడుం నొప్పులు మరిచిపోయి, మాటలు ఆపేసి, అటువైపు తిరిగి నిలబడిపోయాం. ఎన్ని కచేరీలకు వెళ్లినా నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

దారి పొడవునా ఆ కళాకారుల పాటలే విన్నాం. ఏ పాట ముందు పెట్టాలన్న దానిమీదే గంటసేపు వాదన. మాలో ఒకడు ఎప్పుడూ పాడడు, పాడమన్నా నవ్వి ఊరుకుంటాడు. కానీ పల్లవికీ చరణానికీ మధ్య వాద్యాలు మోగేటప్పుడు అతని వేళ్లు కారు తలుపు మీద దరువు వేస్తూనే ఉంటాయి. ఒక్కచోట మాత్రం వేళ్లు ఆగుతాయి, తాళం తిరిగి అందుకునే ముందు వచ్చే చిన్న విరామం దగ్గర. ఆ పాట నాకు పదేళ్లుగా తెలుసు. అందులో ఆ నిశ్శబ్దం ఉందని నాకు తెలిసింది మాత్రం ఆ రోజే.

సంగీతం కోసం మనుషులు దారుల్లో పడే కష్టం కొత్తదేమీ కాదు. 1969 ఆగస్టులో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగినప్పుడు నాలుగు లక్షలకు పైగా జనం తరలివచ్చారు. రోడ్లన్నీ కార్లతో నిండిపోయాయి. ఎంతోమంది కార్లను దారిలోనే వదిలేసి నడిచి వెళ్లారు. కళాకారులను హెలికాప్టర్లలో వేదిక దగ్గరికి చేర్చవలసి వచ్చింది.

మాకు దొరికినవి వెనక వరుసలు. వేదికకు వంద మీటర్ల దూరం. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి ఆ దూరం దాటడానికి 0.3 సెకను పడుతుంది. అంటే, డ్రమ్ము మీద కర్ర పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత చేరుతుంది. పెద్ద మైదానాల్లో మధ్యలో నిలిపిన స్పీకర్లకు ధ్వనిని కావాలనే ఆ మేరకు ఆలస్యం చేసి పంపుతారు. లేకపోతే వేదిక నుంచి వచ్చే పాట, దగ్గరి స్పీకర్ల పాట ఒకదానిమీద ఒకటి పడి మాటలు చెదిరిపోతాయి. ఇంత శ్రద్ధగా వెనక వరుసవారి గురించి ఆలోచించేవారు ఉన్నారని తెలిస్తే నాకు కృతజ్ఞతగా ఉంటుంది.

ఇక నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది తిరుగు ప్రయాణం గురించి.

వెళ్లేటప్పుడు కారులో సరిపోయిన శబ్దం, వచ్చేటప్పుడు చాలా తక్కువగా అనిపిస్తుంది. కారులో ఏమీ మారలేదు, మన వినికిడి తాత్కాలికంగా మందగించింది. చెవిలో గుయ్ మనే మోత కూడా అందుకే. కచేరీ వేదికల్లో శబ్దం 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం పెట్టింది. లోపలి చెవిలోని సున్నితమైన రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. చెవుల్లో పెట్టుకునే చిన్న బిరడాలు జేబులో వేసుకుని వెళ్లండి. పాట తగ్గదు, పోటు తగ్గుతుంది. తిరిగి వచ్చేటప్పుడు చెవులకు కాసేపు నిశ్శబ్దం ఇవ్వండి.

అంతకన్నా పెద్ద అపాయం నిద్ర. ఉదయం ఆరుకు లేచినవాడికి కచేరీ ముగిసే రాత్రి పదకొండు గంటలకు పదిహేడు గంటల మెలకువ. ఆ స్థితిలో మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. గంటకు 90 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 25 మీటర్లు. నాలుగు సెకన్లు రెప్పలు వాలితే వంద మీటర్లు. వేదికకూ మాకూ మధ్య ఉన్న దూరమంత!

అందుకే ఆ రాత్రి ముందు సీటులో కూర్చున్నవాడు నిద్రపోకూడదని వెళ్లేముందే అనుకున్నాం. ఆ వంతు పాడని మిత్రుడికి వచ్చింది. రెండు దాటాక అతను డ్రైవరును ఏదో అడిగాడు. జవాబు ఆలస్యంగా వచ్చింది. మళ్లీ అడిగాడు. మళ్లీ ఆలస్యం.

"పక్కకు తీసి ఆపు. తాళాలు నాకివ్వు," అన్నాడు.

"ఇంకో గంటలో ఇల్లు చేరిపోతాం కదా!"

"తెల్లారాక చేరదాం."

వెలుగున్న ఒక పెట్రోలు బంకులో కారు నిలిపాం. తాళాలు అతని జేబులోనే ఉన్నాయి. కిటికీలు కాస్త దించి, సీట్లు వెనక్కి వాల్చి నలుగురం నిద్రపోయాం. నాకు మెలకువ వచ్చేసరికి తూర్పు తెల్లబడుతోంది. చెవుల్లో మోత తగ్గింది. ఎక్కడో పిట్ట కూసింది. ముందు సీటులో అతను అప్పటికే లేచి ఉన్నాడు. తలుపు మీద అతని వేళ్లు మెల్లగా దరువు వేస్తున్నాయి. ఆ విరామం దగ్గర ఆగి, మళ్లీ అందుకున్నాయి.