సిమెంటు సంచి కాస్త పక్కన పెట్టండి
(కర్నూలు పాతబస్తీ ఇళ్ల మరమ్మతుల మీద జరిగిన సభలో ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఇళ్ల యజమానులకు, కూలి మానుకుని వచ్చిన మేస్త్రీలకు నమస్కారం. పేరుపేరునా చెప్తూ పోతే ఇక్కడే పొద్దు గూకుతుంది, మన్నించండి.

1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని మనదేనని ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నిజమే. ఆ మాటతో పాతబస్తీలో ఒక్క గోడైనా నిలబడుతుందా? పాతబస్తీ అందం కోసం స్వాగత తోరణం, రంగుల దీపాలు, వీధంతా ఒకే రంగు అంటున్నారు. దీపాలు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. రోడ్డు, మిద్దె, గోడ, ఈ మూడూ ముందు చూడాలి.

రోడ్డు సంగతి తొందరగా చెప్తా. పాత తారు గీకకుండా పొర మీద పొర వేస్తే రోడ్డు ఎత్తు పెరిగి గడప గుంతలో పడుతుంది, వాననీళ్లు పునాదికి చేరతాయి. పాత పొర గీకి తీసి ఎత్తిపోయాలని టెండరులోనే రాయించండి.

మిద్దెకు శత్రువు బరువు. దూలాలు, వాటికి అడ్డంగా దంతెలు అనే సన్న కర్రలు, వాటిమీద బండలు, పైన మట్టి, చవుడు అనే ఉప్పుమన్ను. కురిసినప్పుడల్లా పాతది తియ్యకుండా కొత్త చవుడు పోస్తారు. పదడుగుల చదరం గదిపైన నాలుగంగుళాల తడిమట్టి అంటే టన్నున్నర పైమాటే. దూలం నడిమధ్య గట్టిగానే కనిపిస్తుంది. పుచ్చేది గోడలో దాగిన కొన దగ్గర. అక్కడ ఉలితో పొడిచి చూడండి, మెత్తగా దిగితే కింద పోట్లు, అంటే ఆసరా గుంజలు, పెట్టకుండా పైమట్టి ముట్టుకోవద్దు. తీసేటప్పుడు రెండు పక్కలా సమంగా తీయాలి.

ఇక గోడ. అసలు నేను వచ్చింది దీనికోసమే.

మన పాత గోడ రాయి, మట్టి, సున్నం. నేలలోని తడిని పీల్చుకుంటుంది, గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు కొట్టారనుకోండి, తడి బయటికి రాలేక పైకి ఎగబాకుతుంది. అడుగు ఎత్తున ఆగాల్సిన మరక నడుము దాకా వస్తుంది. తడితో వచ్చిన ఉప్పు సిమెంటు వెనక గడ్డకట్టి, ఉబ్బి, లోపలి మట్టిని పొడి చేస్తుంది. పైన నునుపుగానే ఉంటుంది. వేలితో తట్టండి, డొల్ల చప్పుడొస్తుంది. 2009 అక్టోబరు వరద చూసిన ఊరు మనది. గోడ అడుగున సిమెంటు కొడితే వరద ఆగదయ్యా! నీళ్లు లోపలికి రానే వస్తాయి, బయటికి పోయే దారే మూస్తున్నారు.

మేస్త్రీలూ, వెనక కూర్చున్నవాళ్లూ, ఇది మీకే. సిమెంటును డ్రిల్లు పెట్టి రాల్చొద్దు, రాళ్లు కదులుతాయి. ఉలి, చిన్న సుత్తి చాలు. తడి మరకకు రెండడుగుల పైదాకా తీసి, ఒక ఎండాకాలం ఆరనివ్వండి. రాళ్ల సందులు అంగుళం లోతు గీకండి. సున్నం నీళ్లలో వేసి చల్లార్చి, కనీసం నెల నానబెట్టాలి. సరిగ్గా చల్లారని పలుకు పూతలో ఉంటే తర్వాత పేలి గుంత పడుతుంది. ఒక పాలు సున్నానికి రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఇటుక పొడి, అదే సుర్కీ. కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు పాతవాళ్ల పద్ధతి. వాడండి, కానీ కొలత మించితే చీమలే ముందు వస్తాయి! పూత అరంగుళం మించకూడదు. ఎక్కువ కావాలంటే మొదటి పొర గట్టిపడ్డాక రెండోది. సున్నం గాలి పీల్చి నెమ్మదిగా గట్టిపడుతుంది, అందుకు తేమ కావాలి. మన ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున్న కొట్టింది సాయంత్రానికి బీటలు వారుతుంది. వానలయ్యాక, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు మొదలుపెట్టి, పది రోజులు తడి గోనెపట్టాలు కప్పండి. ఆఖరున ఎమల్షన్ రంగు వేశారంటే అదీ సిమెంటులాగే తడికి దారి మూసేస్తుంది, ఇంత పనీ బూడిదలో పోసినట్టే. సున్నమే కొట్టండి.

అంచనా తయారుచేసే ఇంజినీర్లకు ఒక మాట, కోపగించుకోవద్దు. కాగితంలో సిమెంటు పూతే రాస్తే మేస్త్రీ సున్నం ఎక్కడ తెస్తాడు? నానబెట్టే నెల రోజులకూ, సున్నం, ఇసుక నూరి కలిపే గానుగకూ డబ్బు కేటాయించండి.

కోట బురుజు పక్క ఇళ్లవాళ్లు, మరమ్మతుకు చట్టం ఒప్పుకుంటుందా అని అడిగారు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త కట్టడం నిషేధం. ఆపైన 200 మీటర్లకు అనుమతి కావాలి. నిషేధం కొత్త కట్టడానికే, పాతింటి మరమ్మతు అనుమతి తీసుకుని చేసుకోవచ్చు. దరఖాస్తుకు ముందే నాలుగు పక్కలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

సున్నం నాణ్యత అడగాలనుకున్న మేస్త్రీలు ఇప్పుడే అడగండి. భోజనాలకు ఇంకా టైముంది.