ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో కొన్నాళ్లు

శ్రోతలకు నమస్కారం.

అమెరికా రాజధాని వాషింగ్టన్ నగరంలో పోటోమాక్ నది వంతెన దాటి, ఆర్లింగ్టన్, అలెగ్జాండ్రియాల మీదుగా వర్జీనియా రాష్ట్రంలో ఇంకాస్త ముందుకు వెళితే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ మొదలవుతుంది. కౌంటీ అంటే దాదాపు మన జిల్లా అనుకోవచ్చు. 1742లో, ఆ ప్రాంతం ఇంకా బ్రిటిష్ వలసగా ఉన్న కాలంలో ఏర్పడిన ఈ కౌంటీలో 2020 జనాభా లెక్కల నాటికి పదకొండున్నర లక్షల మంది నివసిస్తున్నారు. హెర్న్‌డన్, షాంటిల్లీ, సెంటర్‌విల్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. కొడుకు దగ్గరికో, కూతురి దగ్గరికో వెళ్లి నాలుగైదు నెలలు అక్కడ గడిపి వచ్చే తల్లిదండ్రులు ఇటు రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తారు.

అలా వెళ్లినవారిలో ఎక్కువమంది శని, ఆదివారాల్లో వాషింగ్టన్ వెళ్లి శ్వేతసౌధం, లింకన్ స్మారకం చూస్తారు. ఇంకొక వారం నయాగరాకో, న్యూయార్క్‌కో ప్రయాణం కడతారు. మిగిలిన రోజులు పిల్లలు ఆఫీసులకు, మనుమలు బడికి వెళ్లాక ఇంట్లోనే గడిచిపోతాయి. తాము నిద్రలేచే కౌంటీలోనే అమెరికా చరిత్రలోని అతి పెద్ద మాటలు కొన్ని పుట్టాయనీ, ఆ మాటలు ఎవరికి వర్తించలేదో చూపించే స్థలాలు కూడా ఆ పక్కనే ఉన్నాయనీ చాలామందికి తెలియదు. వాటిని ఒక్క రోజులో చుట్టబెట్టడం కుదరదు. నెలల తరబడి ఉండే అవకాశం దొరికినవారు ఆ తీరికను వాడుకోవాలని నా కోరిక.

అన్నిటికన్నా ముందు చూడవలసింది మౌంట్ వెర్నన్. వాషింగ్టన్ నగరానికి దక్షిణాన సుమారు పదిహేను మైళ్ల దూరంలో, పోటోమాక్ ఒడ్డున గట్టు మీద ఉన్న ఈ ఎస్టేటు తొలి అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ నివాసం. ఏడాదిలో అన్ని రోజులూ తెరిచే ఉంటుంది. దూరం నుంచి చూస్తే తెల్లని రాతి భవనంలా ఉంటుంది కానీ, దగ్గరికి వెళ్లి గోడను పరికిస్తే అది చెక్క అని తెలుస్తుంది. పలకల అంచులను రాతి దిమ్మెల ఆకారంలో ఏటవాలుగా చెక్కి, రంగు ఆరకముందే దాని మీద ఇసుక చల్లి, రాయిలా కనిపించేట్టు చేశారు. లోపలికి వెళ్లగానే మధ్య నడవ గోడకు చిన్న గాజు పెట్టెలో ఒక ఇనుప తాళంచెవి వేలాడుతూ ఉంటుంది. ఫ్రెంచి విప్లవంలో కూల్చివేసిన బాస్టిల్ కారాగారం తాళంచెవి అది. వాషింగ్టన్ కింద సైనికాధికారిగా పోరాడిన లాఫాయెట్ దానిని ఆయనకు కానుకగా పంపాడు. స్వేచ్ఛకు గుర్తుగా వచ్చిన ఆ తాళంచెవి వేలాడిన ఇంట్లోనే వంట చేసినవారు, బట్టలు ఉతికినవారు, గుర్రాలను చూసుకున్నవారు బానిసలు.

1799 డిసెంబరు 14న వాషింగ్టన్ చనిపోయేనాటికి ఆ ఎస్టేటులో 317 మంది బానిసలు ఉన్నారు. వారిలో 123 మంది ఆయన సొంతం. తన భార్య మార్తా మరణం తరువాత వారిని విడుదల చేయాలని ఆయన వీలునామాలో రాశాడు. మార్తా అంతదాకా ఆగకుండా 1801 జనవరి 1నే వారిని విడిపించింది. మిగిలినవారిలో ఎక్కువమంది మార్తా మొదటి భర్త ఆస్తికి చెందినవారు కాబట్టి వారిని విడుదల చేసే హక్కు చట్టప్రకారం ఆ దంపతులిద్దరికీ లేదు. ఏళ్ల తరబడి ఒకచోట బతికిన ఈ రెండు వర్గాల మధ్య పెళ్లిళ్లు జరిగాయి, పిల్లలు పుట్టారు. అందువల్ల ఒకే కుటుంబంలో భర్తకు స్వేచ్ఛ వచ్చి, భార్యాబిడ్డలు బానిసలుగానే మిగిలిపోయిన సందర్భాలు ఉన్నాయి. మార్తా చనిపోయాక వారిని ఆమె మనుమలకూ మనుమరాళ్లకూ ఆస్తిలో భాగంగా పంచారు. వాషింగ్టన్ సమాధి దగ్గరికి వెళ్లినవారు అక్కడితో వెనుదిరగకుండా, ఆ పక్క చెట్ల మధ్య ఉన్న బానిసల శ్మశానానికి కూడా వెళ్లాలి. ఆ సమాధుల మీద పేర్లు లేవు. 1929లో అక్కడ ఒక చిన్న శిలాఫలకం వేశారు. 1983లో నల్లజాతి విద్యార్థులకు పేరుపొందిన హోవర్డ్ విశ్వవిద్యాలయం వాస్తుకళా విద్యార్థుల రూపకల్పనతో స్మారకం కట్టారు.

ఈ ఎస్టేటు నిలిచిన తీరు కూడా తెలుసుకోదగ్గది. వాషింగ్టన్ వారసుల చేతిలో ఇల్లు శిథిలమవుతుంటే ప్రభుత్వాలు పట్టించుకోలేదు. దక్షిణ కరొలైనాకు చెందిన ఆన్ పమేలా కన్నింగ్‌హామ్ అనే మహిళ 1853లో మొదట దక్షిణాది స్త్రీలకు, ఆ తరువాత దేశంలోని స్త్రీలందరికీ పిలుపునిచ్చి, రాష్ట్రాల వారీగా విరాళాలు కూడగట్టి, ఎస్టేటును రెండు లక్షల డాలర్లకు కొనడానికి 1858లో ఒప్పందం చేయించింది. ఓటు హక్కు కూడా లేని స్త్రీలు ఏర్పరచిన ఆ సంఘమే నేటికీ దానికి యజమాని.

మౌంట్ వెర్నన్ నుంచి బయటికి వచ్చే దారిలో గమ్ స్ప్రింగ్స్ అనే పేట ఉంది. టూరిస్టు బస్సులు అక్కడ ఆగవు. వాషింగ్టన్ కుటుంబంలో బానిసగా పుట్టి, తరువాత స్వేచ్ఛ పొందిన వెస్ట్ ఫోర్డ్ 1833లో అక్కడ భూమి కొని ఆ వాడకు పునాది వేశాడు. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని నల్లజాతివారి ఊళ్లలో అదే అతి పాతది. చూడటానికి మామూలు ఇళ్లూ, చర్చీ, ఒక చిన్న మ్యూజియమూ మాత్రమే ఉంటాయి. అయినా మౌంట్ వెర్నన్ కథ తెలుసుకున్నవారికి ఆ వీధులు చాలా చెబుతాయని నేను నమ్మకంగా చెప్పగలను.

అదే రహదారి మీద ఇంకా దక్షిణంగా వెళితే గన్‌స్టన్ హాల్ వస్తుంది. బయటికి నిరాడంబరమైన ఇటుక ఇల్లు. లోపల తలుపుల చుట్టూ, గోడల మీద కళ్లు చెదిరే చెక్క నగిషీలు. దాని యజమాని జార్జ్ మేసన్. మనుషులందరూ స్వభావరీత్యా సమానంగా స్వేచ్ఛాపరులని ప్రకటించిన 1776 నాటి వర్జీనియా హక్కుల ప్రకటనకు ప్రధాన రచయిత ఆయనే. 1787లో అమెరికా రాజ్యాంగ రచనలో పాల్గొని కూడా, అందులో పౌరుల హక్కుల పట్టిక లేదన్న అభ్యంతరంతో సంతకం చేయడానికి నిరాకరించిన ముగ్గురిలో ఆయన ఒకరు. ఆ పట్టిక చివరికి 1791లో చేరింది. బానిసల దిగుమతిని తీవ్రంగా ఖండించిన మేసన్ తన బానిసలను మాత్రం విడిచిపెట్టలేదు. మన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులను చదువుకున్నవారికి ఈ ఇల్లు చూస్తున్నప్పుడు గౌరవమూ, బాధా రెండూ కలుగుతాయి.

ఆ చుట్టుపక్కలే లోర్టన్ ఉంది. వాషింగ్టన్ నగరపు ఖైదీలను ఉంచిన పాత జైలు భవనాలు అక్కడ ఉన్నాయి. 1917లో ఓటు హక్కు కోరుతూ శ్వేతసౌధం ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడిన మహిళలను, రాకపోకలకు అడ్డుపడ్డారన్న నేరం మోపి ఆ జైలుకు తెచ్చారు. నవంబరు 14 రాత్రి కాపలాదారులు వారిని కొట్టి, గదుల్లోకి విసిరేశారు. లూసీ బర్న్స్ అనే నాయకురాలి చేతులను తల పైకెత్తి కటకటాలకు సంకెళ్లతో బిగించారు. ఈ వార్త బయటికి పొక్కడంతో ప్రజాభిప్రాయం వారి వైపు మొగ్గింది. 1920లో రాజ్యాంగ సవరణ జరిగి ఓటు వచ్చింది. వర్జీనియా శాసనసభ ఆ సవరణకు ఆమోదం తెలిపింది మాత్రం 1952లో. ఇప్పుడు ఆ భవనాల్లో చిత్రకారుల, శిల్పుల గదులూ, లూసీ బర్న్స్ పేరిట మ్యూజియమూ నడుస్తున్నాయి. ఆడపిల్లలున్న కుటుంబాలు పిల్లలను అక్కడికి తప్పక తీసుకువెళ్లాలి.

కౌంటీ ఉత్తరపు కొసన గ్రేట్ ఫాల్స్ ఉంది. పోటోమాక్ నది ఇరుకైన రాతిలోయలో మైలు దూరం కూడా సాగకముందే డెబ్బై అడుగులకు పైగా కిందికి దూకుతుంది. చూసే చోట పాతిన ఒక కంభం మీద 1936, 1972 వంటి వరదల సంవత్సరాలు గుర్తించి ఉంటాయి. అంత లోతున పారే నీరు మన తల మీది గీత దాకా వచ్చిందంటే ఆ ప్రవాహ బలం అర్థమవుతుంది. అక్కడ నీళ్లలో దిగడం నిషేధం. బండల మీద పిల్లల చెయ్యి వదలకూడదు. పడవలు జలపాతాన్ని తప్పించుకుని వెళ్లడానికి వాషింగ్టన్ ప్రోత్సాహంతో తవ్విన కాలువ శిథిలాలు అడవి బాటల వెంట కనిపిస్తాయి. అక్కడికి దగ్గరలోని కోల్విన్ రన్ మిల్లులో నీటిచక్రంతో తిరిగే రాళ్ల మీద గోధుమ, మొక్కజొన్న నేటికీ విసురుతారు. ఆ పిండి కొనుక్కుని తెచ్చుకోవచ్చు. డలెస్ విమానాశ్రయం పక్కనున్న విమాన మ్యూజియంలో డిస్కవరీ అంతరిక్ష నౌకను, హిరోషిమాపై బాంబు వేసిన విమానాన్ని చూడవచ్చు. ప్రవేశం ఉచితమే కానీ కారు నిలపడానికి రుసుము ఉంటుంది.

ఇక బస సంగతి. బంధువులు లేనివారు టైసన్స్, రెస్టన్, హెర్న్‌డన్‌లలో మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగల హోటల్ చూసుకోవడం మేలు. 2022 నవంబరు నుంచి సిల్వర్ లైన్ రైలు డలెస్ విమానాశ్రయం దాకా వస్తోంది. దిగిన వెంటనే అదే రైల్లో హోటల్‌కూ, ఆ తరువాత రాజధానికీ వెళ్లవచ్చు. ఆ హోటళ్లకు ఎక్కువగా ఆఫీసు పనుల మీద వచ్చేవారే గిరాకీ కాబట్టి సాధారణంగా శని, ఆదివారాల్లో అద్దె తగ్గుతుంది. మౌంట్ వెర్నన్‌కు ఎల్లో లైన్ చివరనున్న హంటింగ్టన్ స్టేషన్ నుంచి కౌంటీ బస్సు ఉంది. గన్‌స్టన్ హాల్, గ్రేట్ ఫాల్స్ వంటి చోట్లకు మాత్రం కారు లేకుండా వెళ్లడం కష్టం.

చిరునామాల విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. ఫెయిర్‌ఫాక్స్ అనే నగరం కౌంటీ నడిబొడ్డున ఉన్నా, వర్జీనియా చట్టం ప్రకారం అది వేరే పాలన కింద ఉన్న స్వతంత్ర నగరం. అలెగ్జాండ్రియా కూడా అంతే. కానీ కౌంటీలోని ఎన్నో ఇళ్లకు ఉత్తరాలు ఆ పేర్లతోనే వస్తాయి. హోటల్ తీసుకునేటప్పుడు ఊరి పేరును నమ్ముకోకుండా మ్యాపులో స్థలం ఎక్కడుందో చూసుకోవాలి.

పిల్లల ఇళ్లలో ఉండే పెద్దలు బయలుదేరేముందే ఆరోగ్య బీమా తీసుకుని, వాడే మందులను డాక్టరు చీటీతో సహా వెంట ఉంచుకోవాలి. కౌంటీలో నాలుగు వందలకు పైగా పార్కులు, ఊరూరా ప్రభుత్వ గ్రంథాలయాలు ఉన్నాయి. గ్రంథాలయంలో కూర్చుని చదవడానికి కార్డు అక్కర్లేదు. వర్జీనియా గది పేరుతో ఫెయిర్‌ఫాక్స్ నగర గ్రంథాలయంలో స్థానిక చరిత్రకే ప్రత్యేక విభాగం ఉంది. జూలై, ఆగస్టుల్లో ఉక్కపోత ఎక్కువ. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మంచు కురిస్తే రోడ్లు, పాఠశాలలు మూతపడతాయి. టికెట్టు తీసుకునేది మీరే అయితే ఏప్రిల్, మే నెలలు గానీ, ఆకులు రంగు మారే అక్టోబరు గానీ ఎంచుకోండి. పిల్లలు ఆఫీసుకు వెళ్లే రోజుల్లో మ్యూజియాల్లో రద్దీ తక్కువగా ఉంటుంది కనుక, వారు ఒక్క పనిదినం సెలవు పెట్టగలిగితే మౌంట్ వెర్నన్‌ను ఆ రోజుకే ఉంచుకోండి. ఉదయం తలుపులు తెరిచే వేళకు చేరి, బంగళాతో పాటు బానిసల గదులూ, శ్మశానమూ చూసేంత సమయం పెట్టుకోండి.

నమస్కారం.