దూరం కొలవాలంటే ఏ సెన్సర్?

అందరికీ నమస్కారం. కొలిచేది నీళ్లా, రాయా, తిరిగే షాఫ్టా అన్నది తేల్చుకోకుండానే చాలామంది సెన్సర్ కొనేస్తున్నారు. డబ్బా మీద రాసిన నాలుగు మీటర్ల పరిధి నున్నటి గోడ ఎదురుగా ఉన్నప్పటి మాట.

ముందు ఇంటి సంపు చూద్దాం. నీటికి అల్ట్రాసోనిక్, అంటే చెవికి వినపడని ధ్వనిని పంపి దాని ప్రతిధ్వనితో దూరం కొలిచే సెన్సర్ చాలు. అయితే ఈ రకానికే చెందిన హెచ్‌సీ-ఎస్‌ఆర్04లోకి తేమ చేరితే అది మొరాయిస్తుంది. వాటర్‌ప్రూఫ్ తల ఉన్న జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ తీసుకోండి. అది 20-25 సెంటీమీటర్ల లోపు కొలవలేదు. కాబట్టి సంపు నిండినప్పటి మట్టానికి కనీసం 30 సెంటీమీటర్లు పైన బిగించండి. గోడకూ, నీళ్లు పడే పైపుకూ ఎడంగా ఉండాలి. లేకుంటే వాటి ప్రతిధ్వనే ముందొచ్చి, సంపు నిండిందనుకుని మోటారు ఆగిపోతుంది. ఈఎస్‌పీ32 (చిన్న కంట్రోలర్ బోర్డు) వాడేవాళ్లు సెన్సర్ ఇచ్చే 5 వోల్టుల ఎకో (ప్రతిధ్వని) సిగ్నల్‌ను నేరుగా దానికి ఇవ్వకండి. 1కె, 2కె రెసిస్టర్లతో తగ్గించి ఇవ్వండి.

అసలు తంటా మన ఎండతో. ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన మైక్రోసెకన్లను 58తో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయని అందరూ ప్రోగ్రాంలో రాసేస్తారు. ఆ 58 సుమారు 20 డిగ్రీల గాలికి. కడప మే నెలలో సంపు మూత కింద గాలి 40 డిగ్రీలకు చేరితే ధ్వని వేగం సెకనుకు 355 మీటర్లు దాటుతుంది. 200 సెంటీమీటర్ల కింద ఉన్న నీళ్లు 194 దగ్గరే ఉన్నట్టు చూపిస్తుంది. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న సంపులో ఆ తేడా 240 లీటర్లు. లేని నీళ్లు! డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్ ఒకటి సంపు లోపలే వేలాడదీసి, వేగాన్ని 331.3 + 0.606 × ఉష్ణోగ్రతగా లెక్కగట్టండి. దాన్ని మిద్దె మీద ఎండలో పెడితే ఇంకో తప్పు తోడవుతుంది.

వీఎల్53ఎల్0ఎక్స్ లాంటి లేజర్ సెన్సర్ నీడలో, గట్టి వస్తువుకు బాగుంటుంది. ఎండలో దాని చూపు తగ్గిపోతుంది. తేట నీటి మీద కాంతి లోపలికి దిగిపోయి అంకెలు ఊగుతాయి.

ఇక కడప బండలు పాలిష్ పట్టే మిషన్. ఇక్కడ మిల్లీమీటరులో సగం తేడా కూడా లెక్కే. నీళ్లూ రాతిబురదా చిమ్ముతుంటాయి గనుక ధ్వని, కాంతి రెండూ వద్దు. పాలిష్ తలను దించే స్క్రూ చివర అయస్కాంతం బిగించి ఏఎస్5600 అనే అయస్కాంత కోణ సెన్సర్‌తో తిరుగుడు చదవండి. చుట్టుకు 4096 మెట్లు. 5 మిల్లీమీటర్ల పిచ్ (ఒక చుట్టుకు కదిలే దూరం) ఉన్న స్క్రూకు ఒక్కో మెట్టు 0.0012 మిల్లీమీటరు. కాగితం మీదేలెండి. స్క్రూకీ నట్టుకీ మధ్య ఉండే వదులే అసలు ఖచ్చితత్వాన్ని తేలుస్తుంది. అందుకే ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి కొలతకు రండి. ఆ చిప్ ఒక చుట్టులోపలి కోణమే చెబుతుంది. కరెంటు పోతే చుట్ల లెక్క పోతుంది. పైన ఒక లిమిట్ స్విచ్ (తల తగలగానే నొక్కుకునే స్విచ్) పెట్టి, మిషన్ ఆన్ చేసిన ప్రతిసారీ తలను అక్కడిదాకా లేపి సున్నా పట్టండి. ఆ స్విచ్ రబ్బరు తొడుగు ఉన్నదే కొనండి.