మలుపు ముందు, మెరుపు తర్వాత: రేయాన్ దారం దారిలో రాపిడి

(విశాఖపట్నంలో మిల్లు మెయింటెనెన్స్ సిబ్బంది, కెమికల్ ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మన ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు ఒడ్డుకు చేరగానే ఒకాయన మోకును జెట్టీ మీది ఇనుప గుంజకు రెండు మూడు చుట్లు వేసి, కొసను ఒంటి చేత్తో పట్టుకుని నిలబడతాడు. టన్నుల బరువున్న బోటు అలల మీద ఊగుతూ గుంజుతున్నా ఆయన చెయ్యి కదలదు. ఆ బలం చేతిది కాదు, చుట్టుది. మోకుకీ ఇనుముకీ మధ్య ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే, రెండు చుట్లతో ఆయన తాను పట్టిన బలానికి 43 రెట్ల లాగుడును ఆపగలడు. మూడో చుట్టు వేస్తే 286 రెట్లు.

రేవులో మేలు చేసే ఈ లెక్కే రేయాన్ మిల్లులో దారాన్ని తెంపుతుంది. గైడ్ (దారాన్ని దారిలో నడిపే కొక్కెం లేదా కమ్మీ) దగ్గర దారం ఎంత మలుపు తిరిగితే అవతలి వైపు బిగువు అన్ని రెట్లు పెరుగుతుంది. పెరగడం కూడికలా కాదు, గుణకారంలా. రాపిడి తగ్గించాలనగానే మనవాళ్ళు ముందు నూనె డబ్బా తీస్తారు, లేదా గైడ్‌ను అద్దంలా పాలిష్ చేయిస్తారు. నూనె, ఉపరితలం సంగతులు ఆ తర్వాత. మొదట చూడాల్సింది మలుపు.

రేయాన్‌కు పాత పేరు ఆర్ట్ సిల్క్, అంటే కృత్రిమ పట్టు. అదేమిటో విద్యార్థుల కోసం రెండు మాటల్లో. ఇప్పుడు ఆ పేరుతో కొట్లలో పాలిస్టర్ కూడా అమ్ముతున్నారు గానీ, మొదట్లో ఆ మాటకు అర్థం రేయానే. కలప గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్ కలిపి, మళ్ళీ పలుచని కాస్టిక్‌లో కరిగిస్తే తేనెలాంటి చిక్కని ద్రవం వస్తుంది. అదే విస్కోస్. క్రాస్, బెవన్, బీడిల్ అనే ముగ్గురు ఇంగ్లీషువాళ్ళు 1892లో దీనికి పేటెంటు తీసుకున్నారు. ఆ ద్రవాన్ని సన్నని రంధ్రాల జెట్ గుండా ఆసిడ్ బాత్‌లోకి నెడితే పోగులు గట్టిపడతాయి. మన తెలుగునేల మీద సిర్‌పూర్ కాగజ్‌నగర్‌లో సిర్‌సిల్క్ చేసింది ఎసిటేట్ రేయాన్. దానికి ఆసిడ్ బాత్ ఉండదు, వేడిగాలిలో ఆరిపోతుంది. ఈవేళ నేను చెప్పేదంతా విస్కోస్ గురించే.

ముందు తడి భాగం. బాత్‌లో సల్ఫ్యూరిక్ ఆసిడ్ సుమారు 10 శాతం, సోడియం సల్ఫేట్ 20 శాతం పైచిలుకు, జింక్ సల్ఫేట్ 1 శాతం ప్రాంతంలో ఉంటాయి. వేడి 45 నుంచి 50 డిగ్రీలు. అక్కడి నుంచి దారం కొక్కెం లాంటి గైడ్ దాటి, కింది గోడెట్, పై గోడెట్ చక్రాల మీదుగా గాజు ఫన్నెల్‌లోకి దిగి, గిర్రున తిరిగే పాట్‌లో కేకులా పేరుకుంటుంది. ఈ పాట్‌ను 1900లో టోఫమ్ అనే ఇంగ్లీషాయన కనిపెట్టాడు. పాట్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతూ, దారం నిమిషానికి 100 మీటర్లు వస్తుంటే మీటరుకు 80 పురులు పడతాయి.

తడి భాగంలో దారం పసిబిడ్డ లాంటిది. విస్కోస్ తడిస్తే బలం దాదాపు సగానికి పడిపోతుంది. 120 డెనియర్ (9,000 మీటర్లు 120 గ్రాములు తూగే) మామూలు దారం పొడిగా ఉన్నప్పుడు 220-240 గ్రాముల దాకా ఆగితే, తడిగా 120 దగ్గరే తెగుతుంది. అదీ పూర్తిగా తయారైన దారం మాట. బాత్‌లోంచి అప్పుడే బయటికొచ్చిన దారం అంతకంటే నాసి. పైగా బాత్‌లో ద్రవమే దారాన్ని వెనక్కి పట్టిలాగుతుంది. మునిగిన పొడవు పెరిగినా, వేగం పెరిగినా ఆ లాగుడు పెరుగుతుంది. అందుకే కొన్ని మెషిన్లలో దారాన్ని సన్నని గొట్టంలోంచి నడిపి, ఆసిడ్‌ను కూడా దారంతోపాటే అదే దిక్కున పారిస్తారు. నీరు, దారం కలిసి నడిచినప్పుడు ఒకదాన్నొకటి లాగవు.

ఇక్కడ ఒక మెలిక. గోడెట్ మీద మనకు రాపిడి కావాలి. రెండు గోడెట్ల వేగాల్లో తేడా పెట్టి దారాన్ని 20 శాతం అటూఇటూ సాగదీస్తాం. చక్రం మీద దారం జారిందంటే ఒక మీటరు 20 శాతం, మరో మీటరు 15 శాతం సాగుతాయి. చూడ్డానికి రెండూ తెల్లగానే ఉంటాయి, రంగు వేశాక చారలు తేలతాయి. కాబట్టి అన్నిచోట్లా రాపిడి తగ్గించాలనే మాట తప్పు. గోడెట్ పట్టుకోవాలి, గైడ్ వదిలెయ్యాలి.

ఫన్నెల్‌కూ కొక్కెం గైడ్‌కూ అసలు శత్రువు ఉప్పు. బాత్ వేడిగా ఉన్నంతసేపు సోడియం సల్ఫేట్ కరిగే ఉంటుంది. బయటి గైడ్ మీద నీరు ఆరిపోతే, లేదా బాగా చల్లబడితే స్ఫటికాలు కడుతుంది. దాని మీద గంధకం పొర చేరుతుంది. ఆ గరుకు మీద తడి దారం గీసుకుంటే మొదట ఒకటి రెండు పోగులు తెగి వెంట్రుకల్లా లేస్తాయి, ఆ వెంట్రుకలే గోడెట్‌కు చుట్టుకుంటాయి. ప్రతి కేకు దించినప్పుడూ ఫన్నెల్ లోపల, కొనలో, వేడి మెత్తటి (కఠినత్వం తీసిన) నీటితో కడగాలి. మెత్తటి బ్రష్ చాలు. ఇనుప బ్రష్, ఉప్పుకాగితం దగ్గరికి రానివ్వొద్దు. మెషిన్ కాసేపు ఆగి మళ్ళీ నడిపేటప్పుడు, దారం ఎక్కించకముందే గైడ్లు కడగాలి. దారం ఎక్కువగా తెగేది ఆ మొదటి పది నిమిషాల్లోనే.

కడిగే తొందరలో స్పిన్నింగ్ మెషిన్ అద్దాల తలుపులు బార్లా తెరిచి పెట్టకండి. లోపల కార్బన్ డైసల్ఫైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. రెండోది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది, కళ్ళు మండి ఎర్రబడతాయి. వాసన రావట్లేదు కదా అనుకోవడానికి వీల్లేదు.

ఇక పొడి భాగం. కేకును ఉతికి, గంధకం తీసి, మెత్తటి నూనె ఫినిష్ పట్టించి, ఆరబెట్టి, కోను మీదకు చుడతారు. లెక్క బాగా కనిపించేది ఇక్కడే.

120 డెనియర్, 40 పోగుల దారం తీసుకోండి. ఒక్కో పోగు 3 డెనియర్, మందం 17 మైక్రాన్లు. చుట్టేటప్పుడు బిగువు డెనియర్‌కు 0.1 గ్రాము చుట్టూ ఉంచాలని వైండింగ్‌లో వాడుక, అంటే 12 గ్రాములు. ఇప్పుడు దారి చూడండి. కేకు మీద నుంచి లేచేటప్పుడు బిగువు 2 గ్రాములు. మధ్యలో అయిదు గైడ్లు, ప్రతిచోటా 90 డిగ్రీల మలుపు, ఘర్షణ గుణకం 0.3. ఒక్కో గైడ్ దాటగానే బిగువు 1.6 రెట్లు అవుతుంది. అయిదు దాటేసరికి 10.5 రెట్లు. 2 గ్రాములు కాస్తా 21 గ్రాములు.

ఇప్పుడు ఖర్చుపెట్టి గైడ్లన్నీ మార్చి గుణకాన్ని 0.2కి తెచ్చారనుకోండి. 21 కాస్తా 9.6 అవుతుంది. మంచిదే. గైడ్లు అవే ఉంచి, స్పానరుతో బ్రాకెట్లు జరిపి ఒక్కో మలుపు 30 డిగ్రీలకు తెచ్చారనుకోండి. 21 కాస్తా 4.4 గ్రాములు అవుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు, ఒక మధ్యాహ్నం పని. 12 గ్రాములకు మిగిలిన బిగువు టెన్షనర్‌తో మనమే పెట్టుకుంటాం, అది మన చేతిలో ఉంటుంది.

గుణకం ఎంతో ఊహించక్కర్లేదు. మూడు పిన్నుల టెన్షన్ మీటరుతో గైడ్‌కు ముందు ఒక రీడింగ్, తర్వాత ఒక రీడింగ్ తీసుకోండి. ముందు 6, తర్వాత 9.6 అనుకుందాం. నిష్పత్తి 1.6, దాని సహజ లాగరిథమ్ 0.47. మలుపు 90 డిగ్రీలంటే 1.57 రేడియన్లు. 0.47ని 1.57తో భాగిస్తే 0.3. కోణం కొలవడానికి పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని చాలు. కేకు నుంచి కోను దాకా ప్రతి గైడ్ దగ్గరా ఇలా రాసుకుంటూ పోతే, మిగతావన్నీ 1.2, 1.3 అంటుంటే ఒకటి మాత్రం 2 అంటుంది. దొంగ అదే. మీటరును పట్టే తీరు వల్ల దాని పిన్నులే మలుపు కలుపుతాయి కాబట్టి అన్ని రీడింగులూ ఒకే మనిషి, ఒకే వాటంలో తీయాలి.

టెన్షనర్ ఎక్కడ పెట్టాలన్నది కూడా ఈ లెక్కే చెబుతుంది. బరువు పెట్టిన డిస్కుల టెన్షనర్ బిగువును కూడుతుంది, దువ్వెన పళ్ళలాంటి గేట్ టెన్షనర్ గుణిస్తుంది. కేకు లోంచి దారం ఎప్పుడూ ఒకే బిగువుతో రాదు, 1 నుంచి 3 గ్రాముల మధ్య ఊగుతుంది. దాన్ని పది రెట్లు గుణిస్తే 10 నుంచి 30. దానికి 8 గ్రాములు కూడితే 9 నుంచి 11. ఊగే దారానికి డిస్కులే మేలు, అదీ మలుపులన్నీ అయ్యాక, కోనుకు దగ్గరగా. మలుపులకు ముందు పెడితే మీరు కూడిన 8 గ్రాములను కూడా గైడ్లు గుణిస్తాయి. చాలా మెషిన్ల మీద టెన్షనర్ ఆపరేటర్ చేతికి అందే చోట ఉంటుంది, ఉండాల్సిన చోట కాదు.

మలుపు సంగతి తేల్చాక ఉపరితలం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో సన్నఖద్దరు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. పోగుకు ఏది తగలాలో ఏరుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు. రేయాన్‌లో మాత్రం కంటికి నచ్చింది దారానికి నచ్చదు. అద్దంలా మెరిసే ఉపరితలానికి నున్నటి పోగు మొత్తంగా అతుక్కుంటుంది, తగిలే వైశాల్యం ఎక్కువ. కోడిగుడ్డు పెంకులా, గుండ్రటి సన్నని గుబ్బలతో మసకగా ఉండే సిరామిక్ మీద దారం ఆ గుబ్బల తలలకే తగులుతుంది కాబట్టి తేలిగ్గా జారుతుంది. అందుకే గోడెట్‌కు మెరుపు, గైడ్‌కు మసక. అయితే గుబ్బలు గుండ్రంగా ఉండాలి. ఎమెరీ కాగితంతో గీకి మసక చేస్తే అది మసక కాదు, రంపం.

పదార్థం విషయంలో అల్యూమినా సిరామిక్ ఎక్కువకాలం వస్తుంది. మెరుపు తగ్గించిన డల్ దారంలో టైటానియం డయాక్సైడ్ రేణువులుంటాయి. అవి పింగాణీని, స్టీలును సానరాయిలా అరగదీసి గాడి వేస్తాయి. గాడి పడిందా లేదా అన్నది చూపుకు అందదు. పాత నైలాన్ మేజోడు ముక్కను వేలికి తొడిగి గైడ్ మీద అటూఇటూ రాయండి. ఎక్కడ పట్టేసినా గైడ్ తీసి పారేయండి. కొంచెం తిప్పి కొత్త చోటు వాడుకోవచ్చు గానీ, ఏ చోటు వాడేశామో గుర్తు పెట్టడం ఎవరూ చేయరు.

గైడ్ మందం చూసుకోండి. బిగువు 12 గ్రాములుంటే, 1 మి.మీ. వ్యాసార్ధమున్న కమ్మీ మీద తగిలే ప్రతి మిల్లీమీటరుకూ 12 గ్రాముల ఒత్తిడి పడుతుంది, 3 మి.మీ. అయితే 4 గ్రాములే. సన్న కమ్మీ త్వరగా గాడి పడేది అందుకే.

తిరిగే గైడ్ పెడితే పీడ వదిలిపోతుందనుకోకండి. దారం లాగే బలం కొన్ని గ్రాములు. బేరింగ్‌లో గ్రీజు గట్టిపడితే ఆ బలానికి రోలర్ తిరగదు. ఆగిన రోలర్ మీద దారం ఒకే చోట కోసుకుంటూ పోతుంది. రోలర్ అంచున సుద్దతో గీత గీసి, మెషిన్ నడుస్తుండగా టార్చి వేసి చూస్తే ఏది ఆగిందో తెలుస్తుంది.

ఇక నూనె. జూట్ మిల్లుల్లో చేసినవారికి బ్యాచింగ్ ఆయిల్ అలవాటు, అక్కడ ధారాళంగా పోస్తారు. ఇక్కడ దారం బరువులో 1 శాతం లోపే చాలు. మరీ తక్కువైతే పోగు గైడ్‌ను ముద్దాడుతూ ఆగి ఆగి జారుతుంది, మీటరు ముల్లు వణుకుతుంది. ఎక్కువైతే ఆ నూనె పొరే వేగం పెరిగేకొద్దీ వెనక్కి లాగుతుంది, దూగరతో కలిసి గైడ్ మీద ముద్ద కడుతుంది. నూనె ఎక్కువైనా రాపిడి పెరుగుతుందన్నది చాలామంది నమ్మరు. నూనెను నీటితో కలిపి చేసే ఎమల్షన్‌కు మెత్తటి నీరే వాడండి. మన ఉక్కకు అది త్వరగా పాడవుతుంది. వాసన మారితే పారబోయండి, కొత్తది కలిపి సర్దుకోవద్దు.

సముద్రపు ఒడ్డున ఈ పని చేసేవారికి మరో మాట. గుజరాత్‌లో వీరావల్ కూడా మనలాగే చేపల రేవు, అక్కడ విస్కోస్ ఫిలమెంట్ తయారవుతోంది. కాబట్టి గాలిలో ఉప్పుందని పని మానక్కర్లేదు. కానీ క్రోమ్ పూత లేచిన స్టీలు కొక్కేనికి వారాల్లో తుప్పు గుంటలు పడతాయి, దారానికి మరక కూడా అంటుతుంది. గాలిలో తేమ పెరిగితే విస్కోస్ ఇంకా మెత్తబడి తేలిగ్గా సాగుతుంది, గైడ్ మీద రాపిడి కూడా పెరుగుతుంది. ఎండాకాలం ఏసీ హాల్లో సరిచేసిన టెన్షనర్‌ను వర్షాకాలం కరెంటు పోయి తలుపులు తెరిచిన రోజున మళ్ళీ చూడాలి.

చివరగా, ఈ మార్పులన్నీ చేశాక ఒక పొరపాటు జరుగుతుంది. బిగువు తగ్గింది, దారం తెగడం తగ్గింది, అందరూ సంతోషం. మార్పుకు ముందు చుట్టిన కోనులూ తర్వాతవీ ఒకే పెట్టెలో నేతగాడికి వెళతాయి. బిగువు మారిన దారం రంగు పట్టే తీరు కూడా కొంచెం మారుతుంది. చీర పడుగులో రెండూ పక్కపక్కన పడితే సన్నని గీతలా కనిపిస్తుంది, దాన్ని నేతలో ఎవరూ సరిచేయలేరు. గైడ్ జరిపిన రోజు నుంచి కోను గొట్టం లోపల వేరే రంగు గుర్తు వేయండి. ముందు కోను, తర్వాతి కోను ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చిన్న అల్లిక గొట్టం తీసి, తేడాలు పట్టిచ్చే నీలి డైరెక్ట్ రంగులో ముంచి, ఆరాక కిటికీ వెలుతురులో చూడండి. అతుకు దగ్గర గీత కనబడకపోతే కలిపి పంపొచ్చు. కనబడితే ఆ రెండు లాట్లూ వేరువేరు చలాన్లతోనే వెళ్ళాలి.