హాస్టల్ గ్రిల్‌కి తాళం ఎవరి కోసం?

యాంకర్: నమస్కారం. విజయవాడ స్టూడియో నుంచి మన ఫోన్-ఇన్ కార్యక్రమం. కాలేజీలు తెరిచారు, హాస్టళ్లు నిండాయి. క్యాంపస్‌లో ఏదైనా ఆపద వస్తే ఏం చేయాలి అన్నది ఈరోజు విషయం. జవాబులు చెప్పడానికి అగ్నిమాపక శాఖలో రిటైరైన అధికారి ఒకరు మనతో ఉన్నారు. మొదటి కాల్ కానూరు నుంచి. చెప్పండమ్మా.

విద్యార్థిని: నమస్తే సార్. మా హాస్టల్లో నాది మూడో అంతస్తు. రెండు చివర్లా మెట్లున్నాయి గానీ, వెనక మెట్ల గ్రిల్‌కి రాత్రి తొమ్మిదిన్నరకే తాళం వేసేస్తారు. అడిగితే వార్డెన్ గారు ‘మీ సేఫ్టీ కోసమే కదమ్మా’ అంటారు.

అధికారి: బయటివాళ్లు లోపలికి రాకుండా చూడటం వేరు తల్లీ, లోపలున్నవాళ్లు బయటపడకుండా చేయడం వేరు. లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండానే బయటికెళ్లే తలుపు తెరుచుకోవాలని జాతీయ భవన నియమావళిలోనే ఉంది. సినిమా హాల్లో చూసుంటావు, తలుపుకి అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. తోస్తే తెరుచుకుంటుంది. బయటి నుంచి మాత్రం రాదు. అది పెట్టిస్తే వార్డెన్ గారి భయమూ తీరుతుంది, మీ ప్రాణాలకూ భరోసా ఉంటుంది.

విద్యార్థిని: మేం చెబితే వింటారా సార్?

అధికారి: కంప్లయింటులా వెళ్తే వినకపోవచ్చు. ‘రాత్రి పది గంటలకు ఒకసారి మాక్ డ్రిల్ చేద్దాం మేడమ్’ అని నలుగురూ కలిసి అడగండి. తాళం తీయడానికి ఎంతసేపు పడుతుందో ఆవిడే చూస్తారు. సరే, నీ గది నుంచి మెట్ల దాకా మధ్యలో ఎన్ని తలుపులున్నాయి?

విద్యార్థిని: లెక్కపెట్టలేదు సార్.

అధికారి: ఈ రాత్రికే లెక్కపెట్టు. కరెంటు పోయి, కారిడార్ నిండా పొగ కమ్మితే కళ్లు పనిచేయవు. గోడ పట్టుకుని ఒకటి, రెండు, మూడు అని తలుపులు తడుముకుంటూ పోవాలి. అదీ వంగి, వీలైతే పాకుతూ, ఎందుకంటే పొగ పైకి లేస్తుంది, నేల దగ్గరే కాస్త ఊపిరాడుతుంది. దారిలో చెప్పుల స్టాండు, సూట్‌కేసులు పెట్టుకుంటారు చూడు, చీకట్లో కాళ్లకు అడ్డం పడేవి అవే. లిఫ్టు జోలికి పోవద్దు.

యాంకర్: మెట్ల మీద కూడా పొగే ఉంటే?

అధికారి: అప్పుడు దిగకూడదు. తలుపు తీసే ముందు చేతి వెనకభాగం ఆనించి చూడాలి. వేడిగా ఉంటే తీయొద్దు. కింద సందులో తడి టవల్ కుక్కి, కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చేయాలి, చున్నీ ఊపాలి. 2020 ఆగస్టులో ఇదే విజయవాడలో, కోవిడ్ కేంద్రంగా నడిపిన హోటల్లో తెల్లవారుజామున మంటలొచ్చి 10 మంది పోయారు. అందరూ పడుకున్న వేళ. హాస్టల్లో కూడా భయం ఆ వేళకే.

యాంకర్: తర్వాతి కాల్ గుంటూరు నుంచి.

వాచ్‌మెన్: నమస్కారమండి. నేను హాస్టల్ వాచ్‌మెన్‌ని. ఇందాక ఆ పాప చెప్పిందే మా దగ్గరా. గ్రిల్ చెవులు నా జేబులోనే ఉంటాయి. నేనేమో మెయిన్ గేటు దగ్గర. తాళం వేయకపోతే నా ఉద్యోగం పోద్దండి.

అధికారి: మీ తప్పేం లేదు బాబూ. ఆ తలుపు మార్చేదాకా ఒక పని చేయించండి. గ్రిల్ లోపలివైపు గోడకి చిన్న అద్దాల పెట్టె బిగించి, అందులో రెండో చెవి పెట్టించాలి. అవసరమైతే అద్దం పగలగొట్టి తీసుకుంటారు. ఇంకోటి, గేటుకి అడ్డంగా బైకులు పెట్టనివ్వకండి. ఫైరింజన్ వచ్చి బండ్లు జరిపేదాకా బయట నిలబడ్డ రోజులు నా సర్వీసులో చాలానే ఉన్నాయి.

యాంకర్: నరసరావుపేట నుంచి ఒక తల్లి.

తల్లి: మా వాడు విజయవాడలో ఇంజినీరింగ్ అండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో రూములో ఉన్నాడు. రోజంతా ఫోన్ కలవలేదు. ఒకటే టెన్షన్.

అధికారి: వాన గట్టిగా పడుతోందంటే ముందు ఫోనూ పవర్‌బ్యాంకూ ఫుల్ ఛార్జ్ పెట్టుకోమనండి. కాల్ కలవనప్పుడు కూడా ఒక్కోసారి ఎస్సెమ్మెస్ వెళ్తుంది. ఇంటి నంబరు, వార్డెన్ నంబరు, ఒక స్నేహితుడి నంబరు కాగితం మీద రాసి పర్సులో ఉంచాలి. ఫోన్ చచ్చిపోతే ఈ రోజుల్లో అమ్మ నంబరు కూడా ఎవరికీ గుర్తుండదు కదండీ. సర్టిఫికెట్లు డిజీలాకర్‌లో ఉంటే సగం దిగులు తగ్గుతుంది. నీళ్లలో దిగి నడవొద్దని మాత్రం గట్టిగా చెప్పండి, కింద మ్యాన్‌హోల్ ఎక్కడుందో కనపడదు.

యాంకర్: చివరి కాల్, మంగళగిరి నుంచి ల్యాబ్ అటెండర్ గారు. త్వరగా అడగండి సార్.

అటెండర్: గోడకి ఎర్ర సిలిండర్ తగిలించారు సార్. ఎలా వాడాలో మాకెవరికీ తెలీదు.

అధికారి: ముందు దాని మీటర్లో ముల్లు పచ్చరంగులో ఉందో లేదో చూడండి. లేకపోతే అది గోడకి అలంకారమే. వాడేటప్పుడు పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకి గురిపెట్టి నొక్కాలి. పైన మండేదాని మీద కొడితే వృథా. చిన్న సిలిండర్ కొన్ని సెకన్లలోనే అయిపోతుంది. అందుకే మీ వెనక తలుపు ఉండేలా నిలబడండి, ఆరకపోతే బయటికి పరుగే. చెయ్యి కాలితే టూత్‌పేస్టు, ఇంకు పూయకండి, 20 నిమిషాలు కుళాయి కింద పెట్టండి.

అటెండర్: ఫోన్ దేనికి చేయాలి సార్, 101కా, 112కా?

అధికారి: ఫైర్‌కి 101, అంబులెన్స్‌కి 108. ఏదీ తోచకపోతే 112, ఫోన్ లాక్‌లో ఉన్నా కలుస్తుంది. ‘మా కాలేజీ తగలబడుతోంది’ అని పెట్టేయకండి. ఏ బ్లాకు, ఎన్నో అంతస్తు, ఏ గేటు నుంచి రావాలో చెప్పి, ఒక కుర్రాణ్ణి ఆ గేటు బయట రోడ్డు మీద నిలబెట్టండి. హైవే పక్కన పెద్ద క్యాంపస్‌లకి మూడు నాలుగు గేట్లుంటాయి.

అటెండర్: మాకు మూడున్నాయి సార్. ఒకటి ఎప్పుడూ మూసే ఉంటుంది.

అధికారి: అయితే రేపే ప్రిన్సిపాల్ గారిని దాని చెవి ఎక్కడుందో అడగండి.